ఏడూ ఇరవైకి మూడు చప్పుళ్ళు

మేస్త్రి కొట్లో గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఆపరేషను నాలుగింటికి.

"కూర్చో చిట్టీ" అన్నాడాయన. "నువ్వలా నిలబడితే మీ నాన్న గుర్తొస్తాడు. ఆయనా అంతే. ప్లాస్టరు ఆరేదాకా ఒంటికాలి మీద నిలబడే ఉండేవాడు, చెప్తే వినేవాడు కాదు."

కూర్చున్నాను. అదే బల్ల. ఏడేళ్ళప్పుడు దీని మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందేవి కావు. అదే రంపపు పొట్టు, తడి ప్లాస్టరు, తోలు కలిసిన వాసన. నాన్నకి మోకాలి పైదాకా కాలు తీసేశాక పదహారేళ్ళలో ఈ మేస్త్రి మూడు కాళ్ళు చేసిచ్చాడు. మూడింటి కొలతలప్పుడూ నేనీ బల్ల మీదే ఉన్నాను. తర్వాత పోలీసు ఉద్యోగం చేశాను, మానేశాను, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టి నాలుగేళ్ళయింది. ఈ కొట్లో మాత్రం ఇంకా చిట్టినే.

"మొదటి నుంచి చెప్పు బాబాయ్. టైములతో సహా."

"మొన్న పొద్దున వాచీలాయన వాళ్ళింటి మెట్ల మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. ఇంకా తెలివి రాలేదు. కాలు బిగించే బోల్టు వదులుగా ఉందట, రోజూ కాలు తీసి తొడిగేటప్పుడు ముట్టుకోనక్కర్లేని బోల్టు. అంతకుముందు సాయంత్రం అయిదింటికి ఆ బోల్టు మీద చెయ్యేసింది నేను. అంతే, నేనే కావాలని వదులు చేశానంటున్నాడు ఆ ఇన్‌స్పెక్టరు."

"ఎందుకు చేస్తావట?"

"కడుపుమంటట."

వాచీలు బాగుచేసే ఆయన పందొమ్మిదేళ్ళు మేస్త్రి చేసిన సాకెట్ కాలే వాడాడు. మొండి మీద పౌడరు, దాని మీద మేజోడు, ఆపైన మొండి దూరే గిన్నె లాంటి సాకెట్. వేసవిలో ఒరిసిపోయి పుండ్లు పడితే వారాల తరబడి మంచం మీదే. ఎనిమిది నెలల క్రితం డాక్టర్లు ఆయన తొడ ఎముకలోకి ఒక రాడ్డు దించారు. దాని చివర చర్మంలోంచి బయటికి వస్తుంది. కాలు నేరుగా దానికే బిగించుకుంటాడు. సాకెట్ లేదు, కాబట్టి మేస్త్రితో పెద్ద పని కూడా లేదు. పాదం వంపు సరిచూడటానికే ఇక్కడికి వస్తాడు.

"నిజం చెప్పు. కడుపుమంట లేదా?"

ఆయన చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు. "ఎందుకుండదు? ఉంది. ఆ రాడ్డు వేయించుకుని మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో ఆగిపోయాడు. ఒకడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకేశాడు. 'మేస్త్రీ, నీ గడప మీద ఇసుకుంది' అన్నాడు. నాకు మతిపోయింది. వాడు చూసింది కాదు చిట్టీ, ఎముకలోంచి తెలిసిందట! నేను చేసిన ఏ కాలైనా మనిషికి ఇసుకుందని చెప్పిందా? మీ నాన్నకి చెప్పిందా? ముక్కు చీదుకొస్తానని లోపలికెళ్ళి కాసేపు ఏడ్చొచ్చాను."

నాన్న కిందకి చూడకుండా ఎప్పుడూ నడవలేదు. ఆయన మెడ వెనక ఎముక నాకు బాగా తెలుసు, ముఖం కంటే.

"నన్ను లోపలేస్తే వెయ్యనీ" అన్నాడు మేస్త్రి. "ఆ రాడ్డు తియ్యనివ్వకు. నెల రోజులుగా అది కదులుతోందని వాళ్ళక్క డాక్టరుతో చెప్పిందట. పైగా చర్మం దగ్గర చీము పట్టింది. బోల్టు సంగతి ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు. మూడూ కలిపి చూసి, అది పనికిరాదు, ఇవాళ నాలుగింటికి తీసేద్దాం అన్నారు. తీస్తే మళ్ళీ వెయ్యడం కుదరదట, వాడి ఎముకలో ఇంక చోటు లేదట. వాడు మళ్ళీ నా సాకెట్లోకి రావాలి. నాకొద్దు ఆ బేరం."

"బోల్టు నువ్వు సరిగ్గా బిగించావా?"

"రెంచి క్లిక్కుమనేదాకా. కావాలంటే ఇది చూడు." ఫోను నా చేతిలో పెట్టాడు. "రోజూ పొద్దున ఒక పేజీ రాసి ఫొటో పంపాలి, కసరత్తులు చేయించే డాక్టరమ్మ పెట్టిన రూలు. నాకూ పంపుతాడు."

పేజీ వచ్చిన టైము ఆరూ నలభై. గుండ్రటి చేతిరాత. 'కాలు తొడిగింది: 6.10. మెట్లు: రెండుసార్లు దిగి ఎక్కాను. చప్పుడు లేదు, కదలిక లేదు. నొప్పి: లేదు. పైనుంచి మూడో మెట్టు మీద ఇసుక ఉంది, మడమకి తెలిసింది. మనసు: అక్కకి చెప్పేశాను. తేలిగ్గా ఉంది.'

"అక్కకి ఏం చెప్పాడు?"

"ఊరు మారుతున్నానని. వాచీ పని నేర్పే బడిలో మాస్టారు ఉద్యోగం వచ్చింది. మొన్న ఎనిమిదింటి బస్సుకే వెళ్ళాలి. అక్కతో ఎలా చెప్పాలా అని నెల రోజులు నలిగిపోయాడు."

"పడింది ఎన్నింటికి?"

"ఏడూ ఇరవై."

ఆరూ నలభైకి ఇసుక రేణువుని పసిగట్టిన కాలు. ఏడూ ఇరవైకి దాని బోల్టు వదులు. మధ్యలో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ మేస్త్రి తన కొట్లోనే ఉన్నాడు.

"ఇంకొక్కటి బాబాయ్. మెట్ల మీంచి దొర్లితే ఆ కాలు ఏమవుతుంది?"

"పక్కకి తిరిగిపోతుంది. ఎముక విరక్కుండా అందులో సేఫ్టీ జాయింటు ఉంటుంది. మెలి పడగానే అదే ముందు తిరిగిపోతుంది, పాదం గోడ వైపు చూస్తుంది."

లేచాను. గుమ్మం దగ్గర ఆయన గోడకి అంటించుకున్న ఆస్పత్రి కాగితం కనిపించింది. రాడ్డు ఉన్నవాళ్ళు పాటించాల్సినవి. మొదటి వరస: ఉప్పునీళ్ళతో మాత్రమే తుడవాలి. రెండోది ఎర్ర అక్షరాల్లో: పౌడరు వాడకూడదు, లోపలికి దిగి చీము పడుతుంది.

"ఒకప్పుడు ఈ కొట్టు పౌడరు కొట్టులా ఉండేది" అన్నాడు వెనకనుంచి. "ఇప్పుడు చూడు."

*

ఒంటిగంటకి వాచీలాయన ఇంటి ముందున్నాను. పైవాటాలో అక్కాతమ్ముళ్ళు, కిందవాటాలో బట్టలు కుట్టే ఆవిడ. మధ్యలో పద్నాలుగు మెట్లు, వాటికి అడ్డంగా తాడు. తాడు పక్కన కుర్చీలో ఇన్‌స్పెక్టరు. ఏ కేసైనా మూడు రోజుల్లో మూసేస్తాడని స్టేషన్లో ఆయన్ని తాళం అంటారు. రెండేళ్ళు ఆయన కింద పనిచేశాను.

"ఓహో, పిల్లి మేడమ్! అడుగుల చప్పుడే లేదు."

"మీరున్నచోట ఇంకెవరి చప్పుడూ వినపడదు సార్."

"మేస్త్రి పిలిచాడా? ముసలాయన మీ కుటుంబానికి బాగా కావలసినవాడట. అందుకే సొంతవాళ్ళ కేసులు పట్టుకోకూడదని ఆ రోజుల్లో చెప్పేవాణ్ణి."

"మీరు చెప్పినవన్నీ గుర్తున్నాయి. ముందు చూడు, తర్వాత రాయి అని కూడా చెప్పారు. ఫొటోలు చూడొచ్చా?"

విసుగ్గానే ఇచ్చాడు. సాయంత్రానికి కేసు అయిపోతుందన్న ధీమా. మొదటి ఫొటోలో వాచీలాయన మెట్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కుడిది కృత్రిమ కాలు. దాని పాదం తిన్నగా ఆకాశం వైపు చూస్తోంది. ఆ పాదానికి బూటుంది, లేసు ముడేసి ఉంది. ఎడమ పాదం ఉత్తది.

"ఎనిమిదింటి బస్సుకి వెళ్ళే మనిషి ఒక బూటుతో బయల్దేరతాడా?"

"పడేటప్పుడు ఊడిపోయుంటుంది."

"దొరికిందా?"

"వెతికితే దొరుకుతుంది."

"మరి అన్ని మెట్లు దొర్లినా సేఫ్టీ జాయింటు తిరగలేదే? పాదం తిన్నగానే ఉందే?"

"మేస్త్రి పాఠం బాగా చెప్పాడు నీకు." ఆయన ఫైలు తెరిచాడు. "నా దగ్గర సాక్షి ఉంది. కిందవాటా ఆవిడ. ఏడూ ఇరవైకి టక్, టక్, టక్, ఆ తర్వాత దబ్బున పడ్డ చప్పుడు. బోల్టు వదులై కొట్టుకుంది, కాలు జారింది. ఏడూ ఇరవైతొమ్మిదికి అక్కగారు కేక వేసింది. అప్పటిదాకా స్నానాల గదిలో ఉందట, వినలేదు. అయిపోయింది."

కిటికీలోంచి కుట్టుమిషను ఆగింది. మెడలో టేపుతో ఆవిడ తొంగిచూసింది. అంతసేపూ వింటూనే ఉన్నట్టుంది.

"అమ్మా, రోజూ ఆయన దిగితే ఎలా వినిపిస్తుంది?" అని అడిగాను.

"రెండు రకాలుగా. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా. మెత్త, గట్టి, మెత్త, గట్టి. ఒక్కోసారి నా మిషను కూడా ఆ లెక్కకే తొక్కేస్తుంటాను."

"మొన్న?"

ఆవిడ టేపు కొసని వేలికి చుట్టుకుంది. "మొన్న... మూడూ మెత్తవేనమ్మా. ఉత్తకాలితో గెంతినట్టు, తప్, తప్, తప్."

"టక్ అన్నావు కదమ్మా నాతో!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు టక్కేనా అన్నారు. నేను ఊఁ అన్నాను. పోలీసులతో వాదన దేనికని."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. నేను తాడు దాటి మెట్లెక్కాను, గోడవారగా. పైనుంచి మూడో మెట్టు. ఇసుక అలాగే ఉంది. దాని మీద అరికాలు ఒకటి సర్రున జారిన గీత, అయిదు వేళ్ళతో సహా. ఎడమ పాదం. బూటు జారిన గుర్తు ఎక్కడా లేదు.

"పడేటప్పుడు ఆయనకి కాలు లేదు సార్. ఒంటికాలి మీద గెంతుతూ దిగాడు. మూడో మెట్టు మీద జారాడు. కాలు తర్వాత తొడిగారు."

"ఎవరు? దెయ్యమా?"

కిందికి దిగి, ఆయన పడ్డచోట మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆఖరి మెట్టుకీ నేలకీ మధ్య సందులో తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

"సున్నం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గోడలకి ఆకుపచ్చ పెయింటు."

వేలికి కాస్త అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నాకు ఎనిమిదేళ్ళు. పొద్దున ఆరు. నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు, నేను కింద. గులాబీ రంగు మూత డబ్బా నా ఒళ్ళో ఉంది. మొండి మీద పౌడరు చల్లాలి, మరీ ఎక్కువైతే ఉండ కడుతుంది, అరచేత్తో సమంగా రాయాలి. తర్వాత మేజోడు, కుట్టు బయటికి వచ్చేలా తిరగేసి, లేకపోతే ఒరుసుకుంటుంది. "శభాష్ కాంపౌండరూ" అనేవాడు నాన్న. ఆ వాసన వచ్చిందంటే నాన్న ఎక్కడికో వెళ్తున్నాడని అర్థం.

కళ్ళు తుడుచుకుని పై మెట్ల సందులు కూడా చూశాను. ఎక్కడా తెలుపు లేదు. ఇక్కడొక్కచోటే. ఇక్కడే ఎవరో ఆయనకి పౌడరు రాసి కాలు తొడిగారు. రాడ్డుకి పౌడరు రాయకూడదని మేస్త్రికి తెలుసు, ఎర్ర అక్షరాలు గోడకి అంటించుకుని మరీ తిరుగుతున్నాడు. వాచీలాయనకీ తెలుసు. తెలిసినా మరిచిపోయేంతగా చేతులకి అలవాటైన మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

"అక్కగారు ఎక్కడ?"

"పైనే. ఆస్పత్రి నుంచి బట్టల కోసం వచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

*

రెండూ అయిదు. వీధి వీధంతా ఆవిడని అక్కగారనే పిలుస్తుంది. ముందు గదిలో కింద కూర్చుని ఉంది. ఒళ్ళో తమ్ముడి పాత సాకెట్ కాలు. తడిగుడ్డతో తుడుస్తోంది. పక్కన నాలుగు మేజోళ్ళు మడతలు పెట్టి ఉన్నాయి, కుట్లు బయటికి తిప్పి. వాటి పక్కన గులాబీ రంగు మూత డబ్బా.

"మేస్త్రి పంపాడా అమ్మా? కూర్చో."

"ఆ కాలు ఎక్కడికి అక్కగారూ?"

"ఆస్పత్రికి. రాడ్డు తీశాక వాడికి ఇదే కదా. ఎనిమిది నెలలు అటక మీద పడేశాడు. ఎంత దుమ్ము పట్టిందో."

గోడ నిండా వాచీలు, గడియారాలు, అన్నీ నడుస్తూనే ఉన్నాయి. మంచం కింద సర్దిన సంచీ. దాని పక్కన ఎడమకాలి బూటు, లోపల మేజోడు దోపి. ఇన్‌స్పెక్టరు వెతికితే దొరుకుతుందన్నది ఇదే.

"చంకకర్రలు కనపడవే?"

"ఎవరికో ఇచ్చేశాడు. ఇక అక్కర్లేదట."

ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఏవీ అడగాలనిపించలేదు. నేనూ ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను.

"మా నాన్నకీ ఇలాంటిదే ఉండేది. మేస్త్రి చేసిందే. పౌడరు నేనే వేసేదాన్ని."

ఆవిడ గుడ్డ ఆగింది. "ఎన్నేళ్ళ పిల్లవి అప్పుడు?"

"ఎనిమిది. ఒకసారి నాన్న పని మీద వేరే ఊరు వెళ్ళాల్సొచ్చింది, నెల రోజులు. నాకు ఇష్టం లేదు. పొద్దున ఆయన స్నానం చేస్తుంటే కాలు తీసుకెళ్ళి పెరట్లో కట్టెల వెనక దాచేశాను. కాలు లేకపోతే ఎలా వెళ్తాడనుకున్నాను. అమ్మ ఊళ్ళో లేదు. నాన్న పిలిచాడు, నేను పలకలేదు. గోడ పట్టుకుని గెంతుకుంటూ వెతుక్కున్నాడు. వంటింటి గడప దగ్గర పడ్డాడు. ఇదుగో, ఇక్కడ చీరుకుపోయింది." నా కనుబొమ్మ మీద వేలు పెట్టి చూపించాను. "ఈ సంగతి మా అమ్మక్కూడా ఇంతవరకూ తెలీదు."

ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది.

"మీ నాన్న ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కాలు పట్రా అన్నాడు. తెచ్చాను. నెత్తురు కారుతుంటేనే పౌడరు నన్నే వెయ్యమన్నాడు. వేశాను. వెళ్ళిపోయాడు. నెలకి తిరిగొచ్చాడు."

ఆవిడ ఆ సాకెట్ అంచుని వేలితో రాసింది. అక్కడ తోలు నల్లగా నున్నబడి ఉంది.

"పందొమ్మిదేళ్ళు" అంది. "ఒక్క పొద్దు తప్పలేదు. పెళ్ళివాళ్ళొస్తే కూడా, ఉండండి, తమ్ముడికి కాలు తొడిగొస్తానని లేచాను. వాళ్ళు ఉండలేదు. నాకేం బాధ లేదు. ఇప్పుడు ఆరింటికి లేచి ఏం చెయ్యాలో తెలీడం లేదమ్మాయ్. వాడు లోపల టిక్కుమని బిగించుకుని బయటికొచ్చేస్తాడు. అక్కా, వెళ్ళొస్తా అంటాడు. ముందురోజు రాత్రి ఊరే మారిపోతానన్నాడు."

"కాలు ఎక్కడ దాచాలనుకున్నారు?"

"మెట్ల కింద, పాత సామాన్ల గదిలో. వాడు స్నానానికెళ్ళాడు కదా అని పట్టుకుని దిగాను. బస్సు ఒక్కటి తప్పిపోతే చాలనుకున్నాను. ఒక్కరోజు. మనసు మార్చుకుంటాడేమోనని." ఆవిడ సాకెట్‌ని దగ్గరికి లాక్కుంది. "పైనుంచి పిలిచాడు. 'అక్కా, కాలియ్యి' అని. నేను పలకలేదు. గెంతుతూ వస్తాడని అనుకోలేదు. నా కాళ్ళ దగ్గరే వచ్చి పడ్డాడు."

"తర్వాత?"

"కాలు నా చేతిలో ఉంది. ఎవరైనా చూస్తే... పైకెళ్ళి తువ్వాలూ, కాలు బిగించే తాళంచెవీ తెచ్చాను. పౌడరు ఎప్పుడు తెచ్చానో నాకే తెలీదు. చేతులు వాటంతటవే వేసేశాయమ్మా. తొడిగాక బోల్టు వదులు చేశాను. రాడ్డుదే తప్పంటే తీసేస్తారు, మళ్ళీ ఇది తొడుగుతాను అనుకున్నాను. నెలనుంచి కదులుతోందని డాక్టరుతో అందుకే చెప్పాను. మేస్త్రి మీదికి వస్తుందనుకోలేదు."

"అక్కగారూ, ఆ చీము రాడ్డుది కాదు. మీ పౌడరుది."

ఆవిడ డబ్బా వైపు చూసింది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు.

"ఇంకా టైముంది" అన్నాను. "నాలుగింటిలోగా మీరొచ్చి చెప్తే..."

"నాలుగింటికి కాదు." ఆవిడ గడియారాల వైపు చూసింది. "ఇందాక ఫోను చేశారు. ముందున్న కేసు వాయిదా పడిందట. రెండున్నరకే లోపలికి తీసుకెళ్తామన్నారు. సరేనన్నాను."

తల తిప్పాను. గోడ మీద పదిహేను గడియారాలు, ఒక్క క్షణం తేడా లేకుండా రెండూ ఇరవైఎనిమిది. ఆస్పత్రికి ఆటోలో పావుగంట.

గుమ్మంలో ఎవరో కదిలారు. ఇన్‌స్పెక్టరు. బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నాకు వినపడలేదు. అప్పటికే ఫోను చెవి దగ్గరుంది.

"నేను చెప్తే ఆపరట" అన్నాడు మెల్లిగా. "సంతకం పెట్టినవాళ్ళే చెప్పాలంటోంది నర్సు. అమ్మా, తీసుకోండి."

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుంది. తెల్లటి మరకలు పడ్డాయి. ఫోను అందుకుని, రెండు చేతులతో పట్టుకుంది.

"నేను వాళ్ళక్కని. రాడ్డు తియ్యకండి." ఊపిరి పీల్చుకుంది. "అది కదలడం లేదు. నేను అబద్ధం చెప్పాను. వాడి కాలు నేనే దాచాను. తప్పు కాలిది కాదమ్మా, నాది."

అవతల నర్సు ఏదో అరిచింది. ఆ తర్వాత పరుగు. నున్నటి నేల మీద చెప్పుల చప్పుడు, దూరమవుతున్నట్టూ దగ్గరవుతున్నట్టూ. తలుపు దడదడ కొట్టడం. ఇన్‌స్పెక్టరు నోట్‌బుక్ తెరిచి పట్టుకున్నాడు కానీ ఏమీ రాయలేదు. గోడ మీద ముళ్ళు రెండున్నర దాటాయి.

మళ్ళీ నర్సు గొంతు. రొప్పుతోంది. ఫోను ఆవిడ చెవి దగ్గరే ఉన్నా గదంతా వినపడింది.

"ఆపారు! ఆపారండీ. మత్తు సూది చేతిలో ఉంది, ఇంకా ఎక్కించలేదు. మీరొక్కసారి వచ్చి డాక్టరుతో ఇదే చెప్పాలి. ఇంకోటి... పొద్దున్నుంచి ఆయన మగతలో ఏదో గొణుగుతున్నారు. కాలు నొప్పనుకున్నాం. మీరు ముందే కదులుతోందన్నారు కదా, రాడ్డు బాధపెడుతోందేమోనని డాక్టరు కూడా అందుకే తొందరపడ్డారు."

"ఏమంటున్నాడు?" అంది ఆవిడ.

"ఒకటే మాట. 'అక్కా, కాలియ్యి' అని."

ఆవిడ ఫోను నా చేతికిచ్చింది. ఒళ్ళోని పాత కాలు తీసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టింది. లేచి నిలబడటానికి గోడ పట్టుకోబోయింది. ఇన్‌స్పెక్టరు బూట్లు కింద పడేసి చెయ్యి అందించాడు.

"కాలు మీ స్టేషన్లో ఉందా బాబూ?" అని అడిగింది.

"ఉందమ్మా. సీలు వేశాం."

"దారిలో ఆగి తీసుకుందాం" అంది. "వాడు అడుగుతున్నాడు."